రిజిస్టరులో మన వేలిముద్ర

మా బడిలో ఒక సాయంత్రం తల్లిదండ్రుల సమావేశం జరిగింది. పిల్లలకు 'అపార్' సంఖ్య ఇప్పించాలి, దానికి ఆధార్ వివరాలు వాడుకోవడానికి తల్లి గానీ తండ్రి గానీ ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాలి. పైనుంచి ఫోన్ మీద ఫోన్. ఎంతమందివి పూర్తయ్యాయి, ఇంకా ఎన్ని మిగిలాయి అని గంటగంటకూ లెక్క. మేము కాగితాలు పంచి, ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపిస్తూ పోతున్నాం. అంతలో వెనక కూర్చున్న ఒక తండ్రి లేచి అడిగాడు. "సంతకం పెట్టకపోతే ఏమైతాది సార్?"

మాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పలేదు. "పెట్టకపోతే పిల్లోనికి రేపు ఇబ్బంది అవుతుంది, పెట్టెయ్ అన్నా" అన్నాం. ఆయన పెట్టేశాడు. సంతకం కాదు, బొటనవేలి ముద్ర.

ఇంటికి వచ్చాక ఆ మాట మమ్మల్ని వదల్లేదు. ఆ కాగితం పేరే అంగీకార పత్రం. ఒప్పుకోనని చెప్పే వీలు లేని చోట ఒప్పుకున్నానని రాయించుకోవడం ఏమిటి? అపార్ స్వచ్ఛందమని కేంద్ర విద్యాశాఖే చెప్పిన సంగతి మేము తర్వాత చదివి తెలుసుకున్నాం. అంటే ఆ రోజు మేము చెప్పింది ప్రభుత్వం మాట కూడా కాదు, మా భయం. ఆ భయాన్ని ఒక తండ్రి నెత్తిన పెట్టి పంపించాం.

ఈ వ్యాసం ఆ తండ్రి ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు. ప్రభుత్వం మన బతుకును ఎంతవరకు రాసుకోవచ్చు? ఎక్కడ ఆగాలి? రాసిచ్చే వాళ్లలో మనమూ ఉన్నాం గనక, మన పాత్ర ఏమిటి?

పాత రిజిస్టరు

వేలిముద్ర అనేది మన దగ్గరికి బియ్యం యంత్రంతో పాటు వచ్చిందని పిల్లలు అనుకుంటారు. దాని చరిత్ర పాతది, పుట్టింది కూడా ఈ దేశంలోనే. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి రోడ్డు కంకర సరఫరా చేసే కాంట్రాక్టరు చేత ఒప్పందం మీద చేతి ముద్ర వేయించాడు. రేపు ఈ సంతకం నాది కాదని అంటాడేమోనన్న అనుమానం. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. మనిషి మాట మీద నమ్మకం లేని పాలన మనిషి వేలిని నమ్మడం మొదలుపెట్టింది.

ఆ వేలు మన జాతుల దగ్గరికి వచ్చేసరికి సంగతి ఇంకా మారింది. 1871లో నేరస్థ జాతుల చట్టం చేశారు. మొదట ఉత్తరాదికి, 1911లో కొత్త చట్టంతో మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. అప్పటి అనంతపురం మద్రాసు రాజధానిలోనిదే. ఏదైనా ఒక జాతిని నేరస్థ జాతి అని నోటిఫై చేస్తే చాలు, అందులో పుట్టినవాళ్ల పేర్లు రిజిస్టరులోకి ఎక్కించవచ్చు. వేళ్ల ముద్రలు తీసుకోవచ్చు. చెప్పిన వేళకు వచ్చి హాజరు వేయించుకొమ్మనవచ్చు. ఊరు మారినా, ఇల్లు విడిచి పోయినా ముందుగా చెప్పుకోవాలి. నేరం చేసి ఉండాల్సిన పని లేదు, ఆ ఇంట్లో పుట్టి ఉంటే సరిపోతుంది.

ఎరుకల వాళ్లు ఈ చట్టం కింద నలిగిన సంగతి ఆంధ్రదేశమంతా ఎరుగును. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అప్పట్లో సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో పెట్టిన సెటిల్మెంటు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. సుగాలీల మీదా ఆ నీడ పడింది. 1892లో ముల్లాలీ అనే పోలీసు అధికారి మద్రాసు రాజధానిలోని 'నేరస్థ వర్గాల' మీద ఒక పుస్తకం రాస్తే, అందులో లంబాడీలకూ ఒక చోటు ఇచ్చాడు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి దేశమంతా తిరిగి బతికిన జాతి మనది. రైళ్లు, రోడ్లు వచ్చి ఆ వ్యాపారం పోయింది. తిండి పోయినవాడు తిరుగుతుంటే, తిరగడమే నేరమని రాసుకున్నారు.

ఉపాధ్యాయులుగా మనం గుర్తు పెట్టుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. 1911 చట్టంలో పిల్లల గురించి కూడా రాశారు. ఆరేళ్లు దాటి పద్దెనిమిది నిండని పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలల్లో పెట్టే అధికారం ఇచ్చారు. అంటే మన జాతుల చరిత్రలో బడి ఒకప్పుడు జైలుకు తమ్ముడు. అందుకే మన తాతలు బడి అయ్యవారిని చూస్తే పోలీసును చూసినట్టు తప్పుకునేవారు. వాళ్లకు చదువు విలువ తెలియదని మనం తేలిగ్గా రాసేస్తాం. రిజిస్టరు విలువ వాళ్లకు బాగా తెలుసు.

ఈ చట్టాన్ని ఎవరూ ఎదిరించలేదనుకోవద్దు. మదురై జిల్లా పెరుంగామనల్లూరులో పిరమలై కళ్లర్లు వేలిముద్రలు ఇవ్వమని నిలబడ్డారు. 1920 ఏప్రిల్ 3న పోలీసు కాల్పుల్లో పదహారు మంది దాకా చనిపోయారు, వాళ్లలో ఒక మహిళ కూడా ఉంది. అక్కడి జనం ఆ చట్టాన్ని నేటికీ వేలిముద్రల చట్టమనే పిలుచుకుంటారు. అంతకు ముందే దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్‌లో భారతీయులంతా పేర్లు నమోదు చేయించుకొని వేలిముద్రలు ఇవ్వాలని ఆర్డినెన్సు తెస్తే, 1906 సెప్టెంబరు 11న జోహానెస్‌బర్గ్‌లో సభ పెట్టి లొంగబోమని ప్రతిజ్ఞ చేశారు. గాంధీ సత్యాగ్రహం అక్కడ మొదలైంది. 1908లో నమోదు పత్రాలను మూకుమ్మడిగా తగలబెట్టారు. మనం తరగతిలో ఉప్పు సత్యాగ్రహం చెబుతాం. సత్యాగ్రహం పుట్టింది వేలిముద్రల దగ్గరని చెప్పం.

మద్రాసు రాష్ట్రంలో 1947లోనూ, దేశమంతటా 1952 ఆగస్టు 31నా నేరస్థ జాతుల చట్టం పోయింది. అందుకే విముక్త జాతులు ఆగస్టు 31ని విముక్తి దినంగా జరుపుకుంటాయి. చట్టం పోయినా 'అలవాటు నేరస్థుల' చట్టాలు వచ్చాయి. కొన్ని రాష్ట్రాల జైలు నియమావళుల్లో మన జాతుల మీద పాత ముద్ర అలాగే ఉండిపోయింది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్లలో కుల వివక్ష కేసులో తీర్పు ఇస్తూ అలాంటి నియమాలను కొట్టేసింది. రిజిస్టరు ఒకసారి రాస్తే దాన్ని తుడవడానికి డెబ్భై ఏళ్లు కూడా చాలలేదు.

వేలు పలకని రోజు

ఇక ఇప్పటి రిజిస్టరుకు వద్దాం. ఆధార్ మొదటి సంఖ్యలు ఇచ్చింది 2010 సెప్టెంబరు 29న, మహారాష్ట్ర నందుర్బార్ జిల్లాలోని తెంభ్లీ అనే ఊళ్లో. అది ఆదివాసీల ఊరు. గుర్తింపు కాగితం లేని పేదవాడికి గుర్తింపు ఇస్తున్నామని ప్రభుత్వం చెప్పింది. ఆ మాటలో నిజం లేదని మేము అనం. కాగితం లేక బ్యాంకు గడప ఎక్కలేని వాళ్లను మా తాండాలోనే చూశాం. పాత రోజుల్లో రేషను దుకాణంలో కార్డు మీద 'ఇచ్చినట్టు' రాసి, బియ్యం పక్క దారిన పోయిన సంగతి కూడా చూశాం. 2015 నుంచి మన రాష్ట్రంలో వేలు పెట్టే యంత్రం వచ్చాక చనిపోయిన వాళ్ల పేరు మీద సరుకు తీయడం కష్టమైంది.

ఇంకో మేలు కూడా చెప్పాలి. మన నేలలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ వచ్చినప్పుడు ఒక్కసారి, రానప్పుడు అసలే లేదు. బుడ్డల పంట పోయిన ఏడు తాండాలో సగం ఇళ్లకు తాళం. బెంగళూరులో కాంక్రీటు పనికి, కేరళకు కూలికి పోతారు. ఇప్పుడు ఆ వేలు పెడితే ఇంకో రాష్ట్రంలో కూడా బియ్యం ఇస్తున్నారు. పాత చట్టం కింద వేలిముద్ర ఊరు కదలనివ్వలేదు. ఇప్పటి వేలిముద్ర ఊరు దాటినవాడికీ తిండి పెట్టగలదు. ఈ తేడా చూడకుండా రెండూ ఒకటేనని రాస్తే మన విమర్శ అబద్ధమవుతుంది.

అయినా వేలు పలకని రోజు ఒకటుంది. చింతపండు కొట్టే చేతులు, బుడ్డలు పీకి ఒలిచే చేతులు, గడ్డపార పట్టే చేతులు. ఆ వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. ముసలితనంలో మరీనూ. మా తాండాలో ఒక అవ్వ మూడు సార్లు వేలు పెట్టింది, యంత్రం ఒప్పుకోలేదు. నీళ్లతో కడిగి పెట్టింది, కొంగుతో తుడిచి పెట్టింది. కంటి యంత్రం ఆ రోజు పని చేయడం లేదన్నారు. ఖాళీ సంచితో తిరిగి వస్తూ బడి గోడ దగ్గర కూర్చొని మాతో అంది. "మా నాయన కాలంలో ఈ ఏళ్లు పట్టుకొని దొంగలన్నారు నాయనా. ఇప్పుడు ఇదే ఏళ్లు పట్టుకొని నేను నేను కాదంటాండారు."

ఆ మాటకంటే మంచి విమర్శ మేము రాయలేం. తెలిసిన మనిషి ముందర నిలబడి ఉంది. దుకాణం అతనికి ఆమె తెలుసు, వరుసలో ఉన్న అందరికీ తెలుసు. ఊరంతా సాక్ష్యం చెప్పినా చెల్లదు, యంత్రం ఒక్కటి అవునంటే చెల్లుతుంది. సమస్య వేలు తీసుకోవడం ఒక్కటే కాదు. మనిషి మాటకు, ఇరుగుపొరుగు మాటకు విలువ తీసేయడం అసలు సమస్య. యంత్రం పలకని రోజు ఏ దారిలో సరుకు ఇవ్వాలో గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి. అది అడగడం అవ్వ హక్కు. అడిగించడం చదువుకున్న మన పని.

పనిస్థలంలో ఫొటో

ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ ప్రారంభించింది మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. కరువు నేలకు అది గర్వంగా చెప్పుకునే సంగతి. ఆ ఏడాదే అనంతపురం జిల్లాలో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ కూడా జరిగింది. చదువుకున్న యువకులు ఊరూరా తిరిగి, మస్టరు రోలు పట్టుకొని, కూలి ఇంటికి పోయి చదివి వినిపించారు. ఇన్ని రోజులు పని చేసినట్టు రాశారు, చేశావా? ఇంత డబ్బు ఇచ్చినట్టు రాశారు, ముట్టిందా? తర్వాత అందరి ముందర సభ పెట్టి అధికారిని అడిగారు.

ఇందులో ఎవరు ఎవర్ని చూస్తున్నారో గమనించండి. కూలివాడు ప్రభుత్వ రిజిస్టరును చూస్తున్నాడు. మన జాతుల చరిత్రలో రిజిస్టరు మనవైపు తిరిగి తెరుచుకున్న రోజులు చాలా తక్కువ. అది అలాంటి రోజు.

ఆ తర్వాత చూపు తిరగబడింది. 2021 మేలో కేంద్రం పనిస్థలం హాజరుకు ఎన్.ఎం.ఎం.ఎస్. అనే మొబైల్ యాప్ తెచ్చింది. 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనిస్థలాల్లోనూ తప్పనిసరి చేశారు. రోజుకు రెండు సార్లు కూలీలను నిలబెట్టి, ఆ చోటు గుర్తుతో సహా ఫొటో తీసి ఎక్కించాలి. సిగ్నల్ లేని గుట్ట మీద ఫొటో ఎక్కకపోతే చేసిన పని చేయనట్టే. తట్ట మోసిన మనిషి కూలి ఫోన్ టవరు దయ మీద ఆధారపడింది.

ఆ ఫొటోలు ఎక్కడికి పోతాయో పని చేసిన ఆడవాళ్లకు తెలియదు. అవి ఉపాధి హామీ వెబ్‌సైటులో ఎవరైనా చూడగలిగేలా ఉంటాయి. చెమట పట్టి, కొంగు జారి, అలసిన ముఖం. మామ ముందర ముసుగు దించని కోడలు మన తాండాల్లో ఇంకా ఉంది. ఆమె ముఖం ప్రపంచంలో ఎవడైనా చూసే చోట ఉందని ఆమెకు ఎవరు చెప్పారు? ఆమెను ఎవరు అడిగారు?

పోనీ దొంగ హాజరు ఆగిందా? 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒక సర్క్యులర్‌లో ఒప్పుకుంది. సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారని, ఫొటోకే మళ్లీ ఫొటో తీసి పంపుతున్నారని, ఫొటోలో ఉన్నవాళ్ల లెక్కకూ హాజరు లెక్కకూ పొంతన లేదని రాసింది. దొంగలెక్క రాసేవాడు దారి వెతుక్కున్నాడు. నిజంగా తట్ట మోసిన మనిషి మాత్రం రోజూ రెండు సార్లు కెమెరా ముందర చేతులు కట్టుకొని నిలబడుతోంది.

ఇంకొక సంగతి దీనికి ఎదురుగా పెట్టి చూడాలి. 2005 సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారం ఇవ్వకుండా ఉండటానికి ఒక నిబంధన ఉంది. అయితే ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని కూడా అక్కడే రాశారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 44(3) సెక్షన్ ద్వారా ఆ నిబంధనను కుదించి, వ్యక్తిగత సమాచారమంతటికీ మినహాయింపు ఇచ్చింది. రేపు ఒక పనికి ఎవరు బిల్లు తీసుకున్నారని అడిగితే అది వ్యక్తిగతమని చెప్పడానికి దారి సుగమమైంది. కూలి ముఖం లోకానికి తెరిచి పెట్టి, బిల్లు తీసుకున్నవాడి పేరుకు ముసుగు వేస్తే దాన్ని గోప్యత అనలేం. బలహీనుడికి గోప్యత, బలవంతుడికి జవాబుదారీతనం కావాలి. ఇక్కడ రెండూ తారుమారయ్యాయి.

మన ముఖం దగ్గరికి వచ్చేసరికి

ఇప్పుడు మన సంగతి. 2022 ఆగస్టు 16 నుంచి మన రాష్ట్రంలో ఉపాధ్యాయులు సొంత ఫోన్లో యాప్ వేసుకొని ముఖం చూపించి హాజరు వేయాలన్నారు. సంఘాలన్నీ లేచాయి. సొంత ఫోన్లో ఎందుకు వేయాలి, మా వివరాలు ఎవరి చేతుల్లోకి పోతాయి, నెట్ లేకపోతే మేము రానట్టా, మమ్మల్ని దొంగల్లా చూస్తారా అని అడిగాం. ఆ ప్రశ్నలన్నీ న్యాయమైనవే. మేమూ అడిగాం.

అయితే కొద్ది నెలల తర్వాత తాండా బయట చెరువు పూడిక పనిలో మన విద్యార్థుల తల్లులను నిలబెట్టి ఫొటోలు తీయడం తప్పనిసరి అయినప్పుడు, అదే ప్రశ్నలు వాళ్ల తరఫున ఎంతమందిమి అడిగాం? మేము అడగలేదు. ఆ దారిన బండి మీద పోతూ చూశాం, అంతే. గోప్యత మన ముఖం మీదికి వచ్చినప్పుడు హక్కు, కూలి ముఖం మీదికి వచ్చినప్పుడు పథకం. ఈ వ్యాసంలో ప్రభుత్వం మీద చేసిన విమర్శ కంటే మా మీద మేము చేసుకునే ఈ విమర్శ మాకు ముఖ్యం.

అంతటితో ఆగలేదు. మధ్యాహ్న భోజనం ఫొటోలు తీసిందీ, మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించిందీ మనమే. కులం, ఆధార్, బ్యాంకు ఖాతా, తల్లి ఫోన్ నంబరు అన్నీ ఒక కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో వేసిందీ మనమే. ఏ చట్టమూ అలా చేయమనలేదు. పని తొందరగా అవుతుందని చేశాం. ప్రభుత్వ నియంత్రణ అంటే ఎక్కడో ఢిల్లీలో, అమరావతిలో ఉండేది కాదు. చివరికి అది ఒక మాస్టారు చేతిలోని ఫోన్.

2019 ఆగస్టు 15న వచ్చిన వాలంటీరు వ్యవస్థ గురించి కూడా ఇదే మాట. యాభై ఇళ్లకు ఒకరు. తాండాలో అయితే మన పిల్లాడే. ఒకటో తేదీ తెల్లవారకముందే తలుపు కొట్టి పింఛను చేతిలో పెట్టినప్పుడు ముసలివాళ్లు దీవించారు. ఆ దీవెన నిజం. అదే పిల్లాడి ఫోన్లో యాభై ఇళ్ల వివరాలూ ఉన్నాయి. ఎవరింట్లో ఎందరు, ఎవరు ఊళ్లో లేరు, ఎవరికి ఏ పథకం వస్తోంది. మంచి పిల్లాడైతే సరే. హక్కు అనేది పిల్లాడి మంచితనం మీద ఆధారపడకూడదు. ఆ వ్యవస్థ ఇప్పుడు లేదు. అప్పుడు తీసుకున్న వివరాలు ఏమయ్యాయని అడిగే అలవాటు మాత్రం మనకు ఇంకా రాలేదు.

తాండాకు రహస్యం ఉండదా?

'మీ తాండాల్లో ఒకే గది, అందరూ ఒకచోటే పడుకుంటారు, మీకు గోప్యత ఏమిటి' అని ఒకరు మమ్మల్ని నవ్వుతూ అడిగారు. గోప్యత అంటే తలుపు, గొళ్లెం అనుకునేవాళ్ల ప్రశ్న అది.

మనకు గొళ్లెం లేదు గానీ గోర్‌బోలి ఉంది. సంతలో బేరం చేసేటప్పుడు మన యాడీలు, దాదీలు తమలో తాము గోర్‌బోలిలో మాట్లాడుకొని ధర నిర్ణయించుకునేవారు. షావుకారుకు అర్థం కాదు. అది మన భాషలో మనం కట్టుకున్న గది. ఎరుకల వాళ్లకు వాళ్ల భాష అలాంటిదే. పోలీసు పుస్తకాలు రాసినవాళ్లకు ఇలాంటి మాట దొంగల గుసగుసగా వినపడింది. తనకు అర్థం కాని ప్రతిదీ నేరమేనని పాలకుడు అనుకోవడం అక్కడే మొదలు.

పేర్ల సంగతి చూడండి. మన పిల్లాడి పేరు బడిలో రమేశ్ నాయక్, ఆధార్‌లో మూడావత్ రమేశ్, రేషను కార్డులో ఇంకొకటి. నాయక్ అనేది తాండా పెద్ద పేరు, బయటివాళ్లు మనందరికీ ఇంటిపేరు చేశారు. మూడావత్, రమావత్, భూక్యా అనేవి మన గోత్రాలు. ఒక్కో రాతగాడు ఒక్కో రకంగా రాశాడు. ఇప్పుడు కంప్యూటరు రెండు పేర్లూ కలవలేదంటుంది. తప్పు రాసింది వాళ్లు, దిద్దించుకోవడానికి ఒక రోజు కూలి పోగొట్టుకొని మండల కేంద్రానికి తిరిగేది మనం.

అయితే తాండాను మరీ నెత్తిన పెట్టుకోవడమూ తగదు. నసాబులో కూర్చున్న మగ పెద్దలు ఒక ఆడపిల్ల ఎవరితో మాట్లాడింది, ఎవర్ని చేసుకుంటానంది అని అందరి ముందర విచారించిన రోజులు మనకు తెలుసు. ఇప్పటికీ చెల్లెలి ఫోన్ లాక్కొని చూసే అన్నలు మన విద్యార్థుల్లోనే ఉన్నారు. ప్రభుత్వం చూస్తే తప్పు, మనం చూస్తే పరువు అంటే కుదరదు. 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఏ. చౌదరి ఒక భార్య కేసులో, ఇష్టం లేని కాపురానికి కోర్టు ఉత్తర్వుతో పంపడం ఆమె గోప్యతకు, గౌరవానికి భంగమని తీర్పు ఇచ్చారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని కాదంది. అయినా ఒక మాట మిగిలింది: ఆడమనిషి శరీరం మీద, నిర్ణయం మీద ఆమెకే హక్కు. గోప్యత అంటే ఇంటి రహస్యం కాదు. ఇంట్లో ఉన్న ప్రతి మనిషికీ ఉండే హక్కు.

మూడు ప్రశ్నలు

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, గోప్యత ప్రాథమిక హక్కని చెప్పారు. ఆ కేసు వేసింది జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి, కర్ణాటక హైకోర్టులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఆ తీర్పులో ప్రభుత్వం ఈ హక్కులోకి రావాలంటే దాటాల్సిన గడపలు ఉన్నాయి. తరగతిలో చెప్పడానికి వీలుగా మూడు ప్రశ్నలుగా చెప్పుకుందాం. దీనికి చట్టం ఉందా? దీని ఉద్దేశం న్యాయమైనదా? ఆ ఉద్దేశానికి ఎంత కావాలో అంతే తీసుకుంటున్నారా?

పనిస్థలం ఫొటోకు ఇవి వేసి చూద్దాం. చట్టం ఉందా? 2005 ఉపాధి హామీ చట్టంలో రోజుకు రెండు ఫొటోలు తీయాలని లేదు, యాప్ శాఖ ఆదేశాలతో వచ్చింది. ఉద్దేశం న్యాయమైనదా? దొంగ హాజరు ఆపడం న్యాయమే. అంతే తీసుకుంటున్నారా? ఊరి గోడ మీద కూలీల పేర్లు, రోజులు, డబ్బులు రాసే పద్ధతి ఉంది. మస్టరు చదివి వినిపించే సామాజిక తనిఖీ ఉంది. గోడ మీద రాసినా పేరు బయటపడుతుంది కదా అని విద్యార్థి అడగవచ్చు, అడగాలి. గోడ మీది పేరు ఆ ఊరివాళ్లు చూస్తారు, తప్పుంటే అక్కడే అడుగుతారు. వెబ్‌సైటులో ముఖం ఎవరో చూస్తారు, ఎందుకో తెలియదు. తక్కువతో పని జరిగే దారి ఉండగా ఎక్కువ తీసుకోవడం మూడో గడప దగ్గర ఆగిపోతుంది.

బడికి సంబంధించి ఇంకొక తీర్పు మనం తప్పకుండా తెలుసుకోవాలి. 2018 సెప్టెంబరు 26న ఆధార్ కేసులో సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ఒకరు మరోవైపుగా తీర్పు ఇచ్చింది. పథకాలకు ఆధార్ అడగవచ్చని మెజారిటీ ఒప్పుకుంది. కానీ బడిలో చేర్చుకోవడానికి ఆధార్ తప్పనిసరి చేయకూడదని, ఆధార్ లేదన్న కారణంతో ఏ బిడ్డకూ రావాల్సిన ప్రయోజనం ఆపకూడదని స్పష్టంగా చెప్పింది. ఇది మన స్టాఫ్ రూములో గోడకు అంటించి పెట్టుకోవాల్సిన మాట.

బడిలో మనం చేయగలిగేది

ఉద్యమం చేయమని మేము చెప్పడం లేదు. మన ఉద్యోగాలు, మన భయాలు మనకు తెలుసు. అయినా మన చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి.

కాగితం మీద సంతకం అడిగే ముందు ఆ కాగితాన్ని గోర్‌బోలిలో చదివి వినిపిద్దాం. ఎందుకు, ఎవరికి పోతుంది, పెట్టకపోతే ఏమవుతుంది అన్న మూడు సంగతులు చెబుదాం. తెలియకపోతే తెలియదని చెబుదాం. అడగని వివరం రాయవద్దు. పిల్లల వివరాల కాగితాలను ఫొటో తీసి గ్రూపుల్లో వేయడం ఈ రోజు నుంచే మానేద్దాం. అవ్వ వేలు పలకని రోజు ఆమెతో పాటు దుకాణం దాకా పోయి, వేరే దారి ఏమిటో రాతపూర్వకంగా అడుగుదాం. ఆగస్టు 15 మరునాటి నుంచి ఆగస్టు 31 దాకా పదహారు రోజులుంటాయి. ఆ మధ్య ఒక పూట పెరుంగామనల్లూరు పాఠం చెబుదాం.

యువకులకు ఒక మాట. మీరు ఫోన్లో పుట్టి పెరిగినవాళ్లు. ఏ యాప్ అడిగినా సరే అని నొక్కేస్తారు. మీ తాతలకు వద్దనే వీలు లేదు. మీకు కొంత ఉంది. ఉన్న కొంత వాడకపోతే అదీ పోతుంది.

కొత్తగా చేరిన పిల్లల కోసం మళ్లీ ఆ కాగితాలు వచ్చాయి. ఈసారి మేము చదివి వినిపించాం. స్వచ్ఛందమని చెప్పాం. ముందు ముందు ఎవరైనా అడగవచ్చు, అడిగితే మేము మీతో ఉంటామని కూడా చెప్పాం. చాలామంది సంతకం పెట్టారు. ఇద్దరు ఆలోచించి చెబుతామని కాగితం ఇంటికి తీసుకుపోయారు. మొదట అడిగిన ఆ తండ్రి ఈసారి కూడా వచ్చాడు, కూతురి కోసం. కాగితం మొత్తం విన్నాడు. ఒక గడి దగ్గర ఆపి ఇది ఎందుకని అడిగాడు. చెప్పాం. ఆ తర్వాత ఇంకు డబ్బా పక్కకు జరిపి, పెన్ను అడిగి తీసుకొని, నిదానంగా తన పేరు రాశాడు. రాయడం వచ్చని పోయినసారి మేము అడగనే లేదు.